ఈవోసీ కట్టాలంటే డబ్బు కన్నా ముందు నేల ఎత్తు తేల్చుకోండి

చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు అమెరికాలోని లూసియానా తీరంలో ఒక చిన్న పారిష్‌లో పబ్లిక్ వర్క్స్ ఇంజినీరు. పారిష్ అంటే అక్కడి జిల్లా. తుఫాను రోజుల్లో షెరీఫ్ (పారిష్ పోలీసు అధికారి), ఫైర్, రోడ్లు, నీళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు అందరూ ఒకచోట కూర్చుని పని నడిపించే అత్యవసర కేంద్రాన్ని ఈవోసీ అంటాం. మీ ఈవోసీ కోర్టు భవనం వెనక పాత అనెక్స్‌లో, కింది అంతస్తులో ఉంది. 2020లో లారా హరికేన్‌కి దాని పైకప్పు రేకులు లేచిపోయాయి, లోపల వాన కురిసింది, అప్పటినుంచి అతుకులతోనే నడుస్తోంది. పారిష్‌ని పాలించే పోలీస్ జ్యూరీ "గ్రాంటు తెస్తే కొత్తది కడదాం" అంటోంది. ఒక ఆర్కిటెక్టు 90 లక్షల డాలర్ల అంచనా ఇచ్చారు. ఆ డబ్బు ఎక్కడ దొరుకుతుంది, కేటగిరీ 5 అంటే అన్నిటికన్నా తీవ్రమైన హరికేన్ తట్టుకోవాలంటే ఏ నిర్మాణ నిబంధనల పుస్తకం, అంటే కోడ్, పట్టుకోవాలి, పాతదాన్నే బాగుచేసుకుంటే సరిపోదా అని అడిగారు.

నేను గల్ఫ్ తీరంలో ఇరవై ఏళ్ళకు పైగా స్ట్రక్చరల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఫైర్ స్టేషన్లు, 911 కేంద్రాలు (అత్యవసర ఫోన్లు అందుకునేవి), ఈవోసీలు చాలానే చేశాను. పుట్టింది బందరు దగ్గర. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నాకు నాలుగేళ్ళు. ఊహ తెలిశాక మా ఇంట్లో పెద్దవాళ్ళ నోట పదేపదే విన్నది ఒకటుంది: గాలికి పడిపోయిన ఇళ్ళు మళ్ళీ కట్టుకున్నాం, నీళ్ళు తీసుకెళ్ళిన మనుషులు మాత్రం తిరిగి రాలేదు అని. చదువుకున్న కోడ్ పుస్తకాలన్నీ నాకు ఆ మాట తర్వాతే. అందుకే మీరు డబ్బు గురించి అడిగినా నేను ఎత్తు దగ్గర మొదలుపెడుతున్నాను.

2005 ఆగస్టు 29న కత్రినా వచ్చినప్పుడు మిసిసిపీలోని హాన్‌కాక్ కౌంటీ ఈవోసీ బే సెయింట్ లూయిస్‌లో ఉండేది. ఉప్పెన నీళ్ళు ఆ భవనంలోకి వచ్చేశాయి. బయటికి పోదామంటే దారి లేదు. లోపల డ్యూటీలో ఉన్నవాళ్ళు మార్కర్ పెన్నుతో ఒక్కొక్కరూ చేతి మీద ఒక్కో నంబరు రాసుకున్నారు. ఏ నంబరు ఎవరిదో కాగితం మీద పేర్లు రాసి, నీళ్ళకి అందనంత పైన పెట్టారు. తర్వాత శరీరాలు దొరికితే ఎవరెవరివో పోల్చుకోవడానికి. వాళ్ళు బతికి బయటపడ్డారు. కానీ కౌంటీ మొత్తాన్ని కాపాడాల్సిన ఆ గంటల్లో వాళ్ళు తమ పేర్ల జాబితా రాసుకోవాల్సి వచ్చింది. ఏ ఈవోసీ డ్రాయింగ్ నా టేబుల్ మీదకి వచ్చినా నాకు ముందు ఆ చేతులు గుర్తొస్తాయి.

కాబట్టి ఈ నెలలో మీరు చేయాల్సిన మొదటి పని సర్వేయర్‌ని పిలిచి ఇప్పటి అనెక్స్ ఫ్లోర్ ఎత్తు, మీ మనసులో ఉన్న కొత్త స్థలాల ఎత్తు కొలిపించడం. ఇక్కడ ఒక జాగ్రత్త. దక్షిణ లూసియానాలో నేల కుంగుతోంది. దానితోపాటు ఎత్తు కొలవడానికి పాతిన పాత గుర్తురాళ్ళు, అంటే బెంచ్‌మార్కులూ కుంగాయి. పాత డ్రాయింగ్‌లో ఫ్లోర్ ఎత్తు 9 అడుగులు అని ఉంటే ఈరోజు అది 9 కాకపోవచ్చు. ఏ రాయి నుంచి కొలిచారు, దాని ఎత్తు ఏ ఏడాది సవరించింది అని సర్వేయర్‌ని గట్టిగా అడగండి. అడుగు తేడా వచ్చిన ప్రాజెక్టులు నేనే చూశాను.

ఆ ఎత్తుని రెండింటితో పోల్చండి. మొదటిది కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా తయారుచేసే వరద మ్యాపు. అమెరికా సివిల్ ఇంజినీర్ల సంఘం వరద ప్రమాణం ఏఎస్‌సీఈ 24 ఈవోసీని నాలుగో తరగతిలో, అంటే అన్నిటికన్నా కఠినమైన తరగతిలో పెడుతుంది. 2014 సంచిక ప్రకారం ఫ్లోర్ కనీసం 100 ఏళ్ళ వరద (సగటున వందేళ్ళకోసారి వచ్చేది) మట్టానికి రెండడుగులు పైన, లేదా 500 ఏళ్ళ వరద మట్టం దగ్గర, ఏది ఎక్కువైతే అక్కడ ఉండాలి. ఇప్పుడు మీ రాష్ట్రంలో ఏ సంచిక అమల్లో ఉందో చూసుకోండి. రెండోది నేషనల్ హరికేన్ సెంటర్ తయారుచేసే స్లాష్ ఉప్పెన మ్యాపులు. ఒక్కో కేటగిరీకి ఎన్నో రకాల తుఫాన్లని కంప్యూటర్‌లో నడిపి, ఒక్కో చోట నీళ్ళు గరిష్ఠంగా ఎంత ఎత్తుకి రావచ్చో అవి చూపిస్తాయి. కోడ్ ప్రకారం పాస్ అయిన స్థలం స్లాష్ మ్యాపులో కేటగిరీ 4కి మునిగిపోతుంటే నేను ఆ స్థలం వద్దనే అంటాను. లారాలో కామెరాన్ పారిష్‌లో నేల మీద 12 నుంచి 18 అడుగుల ఎత్తున నీళ్ళు నిలిచాయని హరికేన్ సెంటర్ లెక్కగట్టింది. కాగితం మీద అది అరుదైన తుఫాను. మీ పక్కనే జరిగింది.

స్థలం అంటే భవనం ఒక్కటే అనుకోకండి, దారి కూడా స్థలమే. కామెరాన్ కోర్టు భవనం 1937లో కట్టిన కాంక్రీటు భవనం. 1957లో ఆడ్రీ హరికేన్‌కి, 2005లో రీటా హరికేన్‌కి చుట్టూ ఊరంతా తుడిచిపెట్టుకుపోయినా అది నిలిచింది. లారాకి కూడా పడలేదు. నాకు ఆ భవనమంటే గౌరవం. కానీ రోడ్లు మునిగి, కరెంటు పోయి, చుట్టూ మనిషి లేని చోట నిలబడ్డ భవనం నుంచి పారిష్‌ని నడిపించలేం. పారిష్‌లో ఉత్తరం వైపు మెరక మీద, రెండు వేర్వేరు రోడ్లు కలిసే చోట, పెద్ద ట్రక్కు తిరిగేంత జాగా దొరికితే, పారిష్ ముఖ్య పట్టణానికి ఇరవై మైళ్ళు దూరమైనా నేను అదే తీసుకుంటాను. పోలీస్ జ్యూరీలో దీని మీద గొడవ అవుతుంది, తెలుసు. ఆ గొడవ ఇప్పుడే అయిపోవడం మంచిది.

పాతదాన్ని బాగుచేసుకునే ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది. అనెక్స్ ఫ్లోర్ ఉప్పెన మట్టానికి కింద ఉంటే, దాని మీద ఎంత ఖర్చుపెట్టినా అది ఈవోసీ కాదు. మామూలు రోజుల ఆఫీసుగా ఉంచుకోండి. ఎత్తు సరిపోతే మాత్రం ఆలోచించొచ్చు. అప్పుడు చూడాల్సింది పైకప్పు నుంచి పునాది దాకా బిగింపు ఎక్కడా తెగకుండా ఉందా అని. గాలి పైకప్పుని కిందికి తొయ్యదు, పైకి లాగుతుంది. ఆ లాగుడు రూఫ్ నుంచి గోడకి, గోడ నుంచి పునాదికి చేరే దారిలో ఒక్క జాయింటు బలహీనంగా ఉన్నా అక్కడే ఊడుతుంది. పాత కాంక్రీటు దిమ్మెల గోడల్లో లోపల ఇనుప కడ్డీ ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు మూడు చోట్ల పగలగొట్టి చూడాల్సిందే. డ్రాయింగ్ చూసి నమ్మొద్దు.

ఇక గాలి. "కేటగిరీ 5 తట్టుకోవాలి" అన్న మాటని దయచేసి టెండరులో రాయకండి. వార్తల్లో వచ్చే కేటగిరీ నీళ్ళ మీద ఒక నిమిషం సగటు వేగం. మన డిజైన్ కోడ్ ఏఎస్‌సీఈ 7లో ఉండేది బయలు నేల మీద, 33 అడుగుల ఎత్తున, మూడు సెకన్ల ఈదురుగాలి వేగం. రెండూ ఒక కొలత కాదు. గంటకి 160 మైళ్ళు అన్న అంకె రెండు చోట్లా కనిపించినా అర్థం వేరు. మీ జ్యూరీలో ఎవరో ఒకరు ఆ రెండిటినీ కలిపేస్తారు, తర్వాత కాంట్రాక్టరుతో తగువు వస్తుంది.

ఏఎస్‌సీఈ 7 ప్రకారం ఈవోసీ రిస్క్ కేటగిరీ నాలుగు. ఇది తుఫాను కేటగిరీ కాదు, భవనం ఎంత ముఖ్యమో చెప్పే తరగతి. అంటే సగటున 3,000 ఏళ్ళకోసారి వచ్చే గాలికి డిజైన్ చేస్తాం. మామూలు ఇళ్ళకి అది 700 ఏళ్ళు. దానిపైన ఐసీసీ 500, ఫెమా పీ-361 అనే స్టార్మ్ షెల్టర్ ప్రమాణాలున్నాయి. వాటిలో హరికేన్ గాలి వేగాలు 10,000 ఏళ్ళ లెక్కన వేసినవి, ఎగిరొచ్చే దుంగల దెబ్బకి పరీక్షలూ కఠినం. భవనం మొత్తాన్ని పీ-361కి కట్టాలంటే మీ బడ్జెట్ చాలదు. నేను సాధారణంగా చెప్పేది ఇదీ: భవనమంతా రిస్క్ కేటగిరీ నాలుగుకి కట్టండి. లోపల ఆపరేషన్స్ గది, 911 డిస్పాచ్ (ఫోన్లు అందుకుని సిబ్బందిని పంపించే విభాగం), సర్వర్లు, మనుషులు పడుకునే చోటు, ఒక టాయిలెట్ బ్లాకు, వీటిని ఒక గుత్తిగా పెట్టి ఆ భాగాన్ని మాత్రం పీ-361 ప్రకారం కట్టండి. బయటి భాగం దెబ్బతిన్నా లోపలి భాగంలో పని ఆగదు. ఈ విభజన డబ్బు దగ్గర కూడా పనికొస్తుంది, అది కిందికి వచ్చాక చెప్తాను.

2004లో చార్లీ హరికేన్‌కి ఫ్లోరిడాలోని ఆర్కేడియాలో షెల్టరుగా వాడుతున్న ఒక పెద్ద హాలు గోడ కూలింది. లోపల వెయ్యికి పైగా జనం తలదాచుకున్నారు. పెద్ద పెద్ద హాళ్ళు, పొడవైన గోడలు, పెద్ద షట్టర్ తలుపులు ఉన్న చోట గాలి లోపలికి దూరిందంటే లోపలి ఒత్తిడి పైకప్పుని కిందనుంచి కూడా తోస్తుంది. మీ ఆర్కిటెక్టు డ్రాయింగ్‌లో ట్రక్కుల గది, ఆపరేషన్స్ గది ఒకే కప్పు కింద ఉంటే వాటి మధ్య గట్టి గోడ పెట్టించి, ట్రక్కుల గది తలుపు ఊడినా ఆపరేషన్స్ భాగానికి ఏమీ కానట్టు లెక్క వేయించండి.

పైకప్పు మీద నేను రాజీపడను. కాంక్రీటు శ్లాబు. దాని మీద వాటర్‌ప్రూఫ్ పొర, దాని మీద ఇన్సులేషన్, ఆ పైన రూఫింగ్. పై రూఫింగ్ మొత్తం లేచిపోయినా శ్లాబు మీది పొర వాన నీటిని ఆపుతుంది. మీ అనెక్స్‌లో జరిగింది సరిగ్గా దీని లోపమే: రేకు లేచింది, దాని కింద నీటిని ఆపేది ఏదీ లేదు. రూఫ్ మీద గులకరాళ్ళు పరిచే పద్ధతి వద్దు, తుఫానులో అవే మీ కిటికీలనీ పక్కవాళ్ళ కిటికీలనీ పగలగొడతాయి. ఏసీ యూనిట్లు, ఫ్యాన్లు రూఫ్ మీద పెట్టొద్దు. అవి ఊడి దొర్లినప్పుడు అవి ఉన్నచోట ఒక కన్నం, దొర్లిన దారి పొడవునా చీలికలు. గట్టి గోడల గదిలో, ఫ్లోర్ మట్టంలోనే పెట్టండి. కొంచెం ఖర్చు ఎక్కువ, కానీ ఆ ఖర్చుకి నేనెప్పుడూ బాధపడలేదు.

కిటికీలు తక్కువ పెట్టండి. పెట్టినవాటికి, అత్యవసర భవనాలకి చేసే గట్టి పరీక్ష పాసైన గాజే వాడండి. 9 పౌండ్ల బరువున్న రెండు-బై-నాలుగు అంగుళాల చెక్కని సెకనుకి 80 అడుగుల వేగంతో కొట్టి చూస్తారు. మామూలు ఇళ్ళ గాజుకి అదే చెక్క 50 అడుగుల వేగం. సరుకు వచ్చినప్పుడు ఫ్రేము మీద లేబుల్ చూడండి. కాంట్రాక్టరు తప్పు కావాలని చేయకపోయినా గోడౌన్‌లో ఉన్న ఇంకో సరుకు దిగిపోతుంది.

ఇప్పుడు చిన్నవిగా కనిపించే వాటి గురించి, ఎందుకంటే ఈవోసీలు ఎక్కువగా పడిపోయేది వీటి దగ్గరే. పేరు చెప్పను, ఒక కౌంటీ. కొత్త ఈవోసీ, ఎత్తు బాగుంది, రూఫ్ బాగుంది, జనరేటర్‌ని ప్లాట్‌ఫాం మీద పన్నెండడుగుల ఎత్తున పెట్టారు. తుఫాను తర్వాత మూడో రోజు నేను వెళ్ళేసరికి సర్వర్ గదిలో ఫ్లోర్ తడి, ర్యాకుల్లో కింది వరుస పరికరాలు పోయాయి. రూఫ్ చూశాం, గోడలు చూశాం, ఎక్కడా కన్నం లేదు. చివరికి ఒక కుర్ర టెక్నీషియన్ టార్చి పట్టుకుని ర్యాకు వెనక నేల మీద పడుకుని చూశాడు. బయట పార్కింగ్ పక్కన ఫైబర్ కేబుల్ కోసం ఒక భూగర్భ గుంట ఉంది. దాని నుంచి మూడంగుళాల పైపు ఒకటి నేరుగా సర్వర్ గదిలోకి వస్తోంది. కేబుల్ లాగాక ఆ పైపు మూతి ఎవరూ మూయలేదు. బయట గుంట నిండింది, వాలు లోపలివైపు ఉంది, నీళ్ళు రాత్రంతా పైపులోంచి నెమ్మదిగా పారాయి. సీలు వేసే సామానుకి యాభై డాలర్లు కూడా కాదు. అప్పటినుంచి నా ప్రతి ప్రాజెక్టులోనూ చివరి తనిఖీలో గోడలోంచి, నేలలోంచి లోపలికి వచ్చే ప్రతి పైపు దగ్గరా ఫోటో తీయిస్తాను. మీరూ తీయించండి.

కరెంటు విషయంలో మీ ఎలక్ట్రికల్ ఇంజినీరుని నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 708వ ఆర్టికల్ చదవమనండి. 2008 సంచికలో ఇలాంటి కేంద్రాల కోసమే పెట్టారు. పూర్తి లోడుతో 72 గంటలు నడిచేంత ఇంధనం స్థలంలోనే ఉండాలంటుంది. గల్ఫ్‌లో నేను ఐదు రోజులకి లెక్కవేస్తాను, ఎందుకంటే చెట్లు తీసి ట్యాంకర్ రావడానికి అంత పడుతుంది. 2021లో ఐడా వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌కి కరెంటు తెచ్చే ఎనిమిది ట్రాన్స్‌మిషన్ లైన్లూ ఒకేసారి పోయాయి. జనరేటర్‌తోపాటు లోడుని దాని మీదకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్, ఇంధనం పంపు, బ్యాటరీలు, ఇవన్నీ అదే ఎత్తులో ఉండాలి. 2012లో శాండీకి న్యూయార్క్‌లో ఒక పెద్ద ఆసుపత్రి జనరేటర్లు పైనే ఉన్నాయి, ఇంధనం పంపులు బేస్‌మెంట్‌లో మునిగాయి, రోగుల్ని మెట్ల మీదుగా మోసుకుని దింపారు. జనరేటర్ మోసే లోడులో ఏసీ కూడా ఉండాలి. సెప్టెంబరులో గల్ఫ్‌లో ఏసీ లేని గదిలో యాభై మంది, నలభై కంప్యూటర్లు రెండు గంటలు కూడా పనిచేయలేవు.

కమ్యూనికేషన్లు ఇంకో పెద్ద టెన్షన్. 2018లో మైకేల్ తర్వాత ఫ్లోరిడాలోని బే కౌంటీలో ఫోన్లు రోజుల తరబడి పనిచేయలేదు. ఫైబర్ కేబుళ్ళు తెగాయి, బాగుచేసినవాటిని కూడా చెట్లు, చెత్త తొలగించే యంత్రాలు మళ్ళీ తెంపాయి. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో సెల్‌ఫోన్ మోగక మనవాళ్ళు పడ్డ అవస్థ చాలామందికి గుర్తుండే ఉంటుంది, మా చెల్లెలి కుటుంబం బతికే ఉందని నాకు తెలియడానికి రెండు రోజులు పట్టింది. మీ భవనానికి రెండు వేర్వేరు దిక్కుల నుంచి రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ రావాలి, ఇద్దరూ ఒకే స్తంభాల వరసని వాడటం లేదని మ్యాపు తెప్పించుకుని చూడాలి. దానిమీద ఉపగ్రహ కనెక్షన్, దానిమీద హ్యామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే వైర్‌లెస్) బల్ల. టవర్‌ని భవనానికి ఆనించి కట్టకండి. పడితే భవనం మీద పడనంత దూరంలో ఉండాలి. లారాలో లేక్ చార్ల్స్ వాతావరణ కార్యాలయం రాడార్ గుమ్మటమే ధ్వంసమైంది, యాంటెనాల సంగతి చెప్పనక్కర్లేదు. విడి యాంటెనాలు లోపల దాచి ఉంచండి, గాలి తగ్గగానే బిగించుకోవచ్చు.

లోపల ఉండే మనుషుల గురించి డ్రాయింగ్‌లో ఎవరూ పట్టించుకోరు. పన్నెండు గంటల షిఫ్టులు, ఐదారు రోజులు. పడుకోవడానికి చీకటి గది, స్నానం, వంట, తాగునీటి ట్యాంకు, ఊరి మురుగు లైన్లు పనిచేయనప్పుడు వాడుకోవడానికి హోల్డింగ్ ట్యాంకు, మురుగు వెనక్కి తన్నకుండా వాల్వు, ఇవన్నీ మొదటి అంచనాలోనే ఉండాలి. కుటుంబాల సంగతి కూడా. కత్రినాకి ముందు న్యూ ఆర్లీన్స్ పక్కన జెఫర్సన్ పారిష్ తన వరద పంపుల ఆపరేటర్లని వందకు పైగా మైళ్ళ దూరం పంపించేసింది. పంపులు నడిపేవాళ్ళు లేక ఇళ్ళు మునిగాయి. తర్వాత ఆ పారిష్ పంపుల దగ్గరే ఆపరేటర్ల కోసం గట్టి గదులు కట్టింది. మనిషి భద్రంగా ఉంటేనే పోస్టులో ఉంటాడు, ఇంట్లో పిల్లలు ఎక్కడున్నారో తెలియకపోతే డిస్పాచర్ మనసు బల్ల మీద ఉండదు. సిబ్బంది కుటుంబాలు ఎక్కడికి వెళ్తాయో ముందే రాసిపెట్టుకోండి, వీలైతే దగ్గర్లో ఒక గట్టి స్కూలు భవనంలో వాళ్ళకి చోటు చూడండి.

డబ్బు సంగతికి వస్తాను. ఈ పనికి ఒకే చోటి నుంచి 90 లక్షలు ఇచ్చే తలుపు లేదు. మూడు నాలుగు చోట్ల నుంచి తెచ్చి కలపాలి, ఒక్కోదానికి ఒక్కో షరతు.

పేరులోనే ఈవోసీ ఉన్న ఫెమా గ్రాంటు ఒకటుంది. కేంద్రం 75 శాతం, మీరు 25 శాతం. కానీ మధ్యలో చాలా ఏళ్ళు దానిలో డబ్బు లేదు. 2022లో మళ్ళీ మొదలైనా, కాంగ్రెస్ సభ్యులు తమ నియోజకవర్గం కోసం పేరుపెట్టి అడిగి బడ్జెట్‌లో పెట్టించిన ప్రాజెక్టులకే వస్తోంది. 2025లో కాంగ్రెస్ అలాంటి పద్దులకి అసలు డబ్బివ్వలేదు. కాబట్టి మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి ఏటా అభ్యర్థనల సమయానికి ముందే వెళ్ళండి. స్థలం ఎత్తు, ఒక పేజీ డిజైన్ వివరం, మీ 25 శాతం ఎక్కడిదో చెప్పే జ్యూరీ తీర్మానం, ఇవి చేతిలో ఉన్న పారిష్‌ని వాళ్ళు సీరియస్‌గా తీసుకుంటారు. కానీ దీన్నే నమ్ముకుని కూర్చోకండి.

రెండోది హెచ్‌ఎంజీపీ అనే ఫెమా నష్ట నివారణ గ్రాంటు. పెద్ద విపత్తు ప్రకటన తర్వాత, ఆ విపత్తు ఖర్చులో కొంత శాతం నష్ట నివారణ పనుల కోసం రాష్ట్రానికి రావచ్చు. ఇదీ 75, 25 వాటాలే. కొత్త ఆఫీసు భవనం కట్టుకోవడానికి దీన్ని అడిగితే కుదరదు. కానీ సేఫ్ రూమ్, జనరేటర్, షట్టర్లు, రూఫ్ బలపరచడం, ఇవి దీని కిందికి వస్తాయి. పైన చెప్పిన పీ-361 లోపలి భాగం ఇక్కడ పనికొస్తుంది. ఆ భాగాన్ని వేరే అంచనాగా తీసి ఈ గ్రాంటులో పెట్టొచ్చు. దీనికి పారిష్ విపత్తు నివారణ ప్రణాళికని ఫెమా ఆమోదించి, గడువు దాటకుండా ఉండాలి. ఐదేళ్ళకోసారి కొత్తది చేయాలి. గడువు దాటిన రోజున మీ దరఖాస్తు ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. ఈ సాయంత్రమే ఆ తేదీ చూడండి. లారా తాలూకు డబ్బు చాలావరకు ఎవరికో ఒకరికి కేటాయించేసి ఉంటారు. కానీ మధ్యలో విరమించుకున్న ప్రాజెక్టుల డబ్బు మిగులుతుంది, రాష్ట్రంలో ఈ వ్యవహారం చూసే గోసెప్ ఆఫీసుని అడిగి చూడండి.

మూడోది చాలామంది మర్చిపోయేది. లారాలో మీ అనెక్స్‌కి జరిగిన నష్టానికి ఫెమా పబ్లిక్ అసిస్టెన్స్ కింద ఒక ప్రాజెక్టు రాసి ఉంటుంది. అది ఇంకా తెరిచే ఉందా, ఎంత మొత్తానికి ఒప్పుకున్నారు, ఇన్సూరెన్స్ ఎంత తీసేశారు అని పాత ఫైలు తీయండి. ఆ మొత్తాన్ని ఉన్నచోటే పాతదాన్ని బాగుచేయడానికే కాకుండా, ముందస్తు అనుమతితో కొత్త చోట మెరుగైన భవనానికి వాడుకునే పద్ధతి ఉంది. ఫైలు మూసేసి ఉంటే ఈ దారి లేదు.

మీ 25 శాతం వాటా గురించి. ఒక కేంద్ర గ్రాంటుకి ఇంకో కేంద్ర గ్రాంటు డబ్బు వాటాగా చూపించడానికి మామూలుగా ఒప్పుకోరు. కేంద్ర గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీ విపత్తు తర్వాత కోలుకోవడానికి ఇచ్చే సీడీబీజీ-డీఆర్ డబ్బు దీనికి మినహాయింపు, దాన్ని స్థానిక వాటాగా పెట్టొచ్చు. అయితే తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకి మేలు అన్న షరతు, వేతనాల షరతులు దానితో వస్తాయి. వ్యవసాయ శాఖ గ్రామీణ విభాగానికి కమ్యూనిటీ ఫెసిలిటీస్ అని ఒక పథకం ఉంది. జనాభా 20,000 దాటని ఊళ్ళకి ఇస్తారు, అప్పు కాలం 40 ఏళ్ళ దాకా ఉంటుంది. మీ పారిష్ చిన్న ఊళ్ళకి ఇది బాగా నప్పుతుంది, నేను చూసిన చిన్న పారిష్‌లలో చివరి లోటు ఎక్కువగా దీనితోనే పూడింది. రాష్ట్ర శాసనసభ ఏటా నిర్మాణ పనుల కోసం పాస్ చేసే కేపిటల్ అవుట్‌లే బిల్లులో కూడా మీ పేరు పెట్టించండి. బ్రిక్ అనే ఇంకో ఫెమా గ్రాంటు గురించి మీరు విని ఉంటారు. 2025 ఏప్రిల్‌లో ఫెమా దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది, విషయం కోర్టుల దాకా వెళ్ళింది. దాని మీద ఆశతో షెడ్యూల్ వేయకండి.

చేతికొచ్చిన డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని కూడా చూశాను, అందుకే ఈ రెండు గట్టిగా చెప్తున్నాను. పర్యావరణ, చారిత్రక పరిశీలన పూర్తయిందని కాగితం వచ్చేదాకా స్థలంలో మట్టి కదపొద్దు. "ఈలోగా చదును చేసుకుందాం" అని బుల్డోజర్ దింపిన ఒక చిన్న కౌంటీ ఆ గ్రాంటు మొత్తం పోగొట్టుకుంది. రెండోది, మీకు 90 లక్షలు చెప్పిన ఆర్కిటెక్టుని ఎలా ఎంచుకున్నారు? పోటీ లేకుండా పరిచయం మీద తీసుకుని ఉంటే, కేంద్ర డబ్బుతో ఆయనకి ఇచ్చే ఫీజుని ఆడిట్‌లో కొట్టేసే ప్రమాదం ఉంది. ఆయన్ని ఇంతవరకు ఇచ్చిన సలహాకి ధన్యవాదాలు చెప్పి, డిజైన్ పనికి బహిరంగంగా ప్రకటన ఇచ్చి ఎంచుకోండి. ఆయన కూడా పోటీ పడొచ్చు, కానీ ప్రకటన ఆయన చేత రాయించకండి. గ్రాంటు డబ్బు చాలావరకు ముందు మీరు ఖర్చుపెట్టాక తిరిగొచ్చేది, కాబట్టి బిల్లులు కట్టడానికి బ్యాంకు అప్పు కూడా ముందే మాట్లాడుకోవాలి. కేంద్ర డబ్బు పడితే ఉక్కు, నిర్మాణ సామగ్రి అమెరికాలో తయారైనవే ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది. జనరేటర్, తలుపుల ఆర్డర్లలో అది నెలలు తినేస్తుంది, షెడ్యూల్‌లో జాగా ఉంచండి.

అంచనా తగ్గించమని జ్యూరీ అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. అప్పుడు లాబీ, గాజు గోడ, గోడ నిండా స్క్రీన్లు, మీటింగ్ గదుల సంఖ్య తగ్గించండి. విస్తీర్ణం తగ్గించండి. ఎత్తు, శ్లాబు, ఇంధనం ట్యాంకు మాత్రం ముట్టుకోనివ్వకండి. రోజూ వాడే 911 డిస్పాచ్‌ని అందులోకి తెస్తే భవనం ఏడాదంతా పనిచేస్తుంది, జనరేటర్ నెలనెలా పూర్తి లోడుతో నడుస్తుంది, ఏసీ చెడిపోతే అదే రోజు తెలుస్తుంది. నడిపించే ఖర్చు మాత్రం ఏ గ్రాంటూ ఏటా ఇవ్వదు. రూఫ్ తనిఖీ, ఇంధనం శుభ్రం చేయించడం, బ్యాటరీల మార్పిడి, ఇవి పారిష్ వార్షిక బడ్జెట్‌లో ఒక పద్దుగా మొదటి ఏడాదినుంచే ఉండాలి.

సర్వేయర్ ఇచ్చిన ఎత్తులు, నివారణ ప్రణాళిక గడువు తేదీ, లారా నష్టం ఫైలులో ఒప్పుకున్న మొత్తం, ఈ మూడూ చేతికొచ్చాక ఇక్కడే మళ్ళీ రాయండి. స్థలం స్లాష్ మ్యాపు కూడా జత చేయండి. ఏ గ్రాంటులో ఏ భాగం పెట్టాలో కూర్చుని లెక్కవేసి చెప్తాను. జూన్ 1కి సీజన్ మొదలవుతుంది, కొత్త భవనం రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈ సీజన్‌కి మీ వాళ్ళు ఇంకా ఆ అనెక్స్‌లోనే కూర్చోవాలి కాబట్టి, ఉప్పెన హెచ్చరిక వస్తే డిస్పాచ్‌ని ఏ పక్క పారిష్‌కి, ఎన్ని గంటల ముందు, ఎవరి ఆర్డర్‌తో తరలిస్తారో ఒక కాగితం మీద రాసి షెరీఫ్ చేత సంతకం పెట్టించండి. దానికి ఏ గ్రాంటూ అక్కర్లేదు, ఈ వారమే అవుతుంది.